సొంత గొలుసుకు పదకొండేళ్ల అద్దె

మా చెల్లెలి కూతురు ఈమధ్యే బ్యాంకులో ఆఫీసరుగా చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "పెద్దమ్మా, నువ్వు ముప్పై నాలుగేళ్లు చేసావు కదా, పనికొచ్చేవి ఏవైనా ఉంటే రాసి పంపవా" అని అడిగింది. పనికొచ్చేవి అన్న మాట దగ్గర నేను కాస్త ఇబ్బంది పడ్డాను. ప్రమోషన్ల సంగతి రాద్దామంటే, వాటి గురించి నా రిటైర్మెంటు సభలో తొమ్మిదిమంది మాట్లాడారు. అందులో ఇద్దరు నన్ను అంతకుముందు చూసినవాళ్లు కూడాను. ఇక సర్క్యులర్లు, ఫారాలు, ఆడిటు రిపోర్టుల గురించి ఆ పిల్లకి నేను చెప్పక్కర్లేదు. అవే వచ్చి మెడకు చుట్టుకుంటాయి.

అందుకని ఒక గొలుసు సంగతి రాస్తున్నాను. దానితోపాటు నా తెలివితేటల సంగతి కూడా. జగ్గయ్యపేట, నందిగామ బ్రాంచీల్లో నేను చేసిన ఉద్యోగమంతా కలిపితే చివరికి నా దగ్గర మిగిలింది ఈ రెండే. మా బ్యాంకు పేరు రాయను. ఏ బ్యాంకు పేరు పెట్టి చదువుకున్నా పెద్ద తేడా రాదు.

టైం లేని మనుషులు

మా వైపు జనానికి తమ డబ్బు గురించి కూర్చుని ఆలోచించే టైం ఉండదు. మిగతా అన్నిటికీ ఉంటుంది. కిలో వంకాయల దగ్గర అయిదు రూపాయల కోసం పావుగంట బేరమాడతారు. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద ఇరవై తగ్గిస్తున్నారని ఎవరో చెబితే, బండిలో వంద రూపాయల పెట్రోలు పోయించుకుని గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వెళ్లి తెచ్చుకుంటారు. పెళ్లి చీర కోసం విజయవాడ మూడుసార్లు వెళ్లొస్తారు. అదే మనిషిని "మీ పేరున ఉన్న అప్పులు, డిపాజిట్లు ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూసుకున్నారా" అని అడిగితే, "ఎక్కడండి, ఊపిరి సలపట్లా" అంటారు.

పాస్‌బుక్కు ప్రింటింగు దగ్గర నిలబడి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గంటన్నర క్యూలో నిలబడతారు. ముందువాడు పక్కకి జరిగితే గొడవ పెట్టుకుంటారు. తీరా పుస్తకం చేతికొచ్చాక చివరి వరస ఒక్కటి చూసి, మూసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు చుట్టేస్తారు. మధ్యలో ఎన్ని వరసలున్నాయో, ఏది ఎందుకు కోసారో ఎవరికీ పట్టదు. పట్టాలని బ్యాంకు కూడా పెద్దగా కోరుకోదు. ఈ సంగతి ట్రైనింగులో చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

నందిగామలో ఒక హైస్కూలు హిందీ మాస్టారు ఉండేవారు. ఒకరోజు చిరిగిన నోటు మార్చుకోవడానికి వచ్చి, నా మాట మీద గౌరవం కొద్దీ ఇన్సూరెన్సు పాలసీ తీసుకుని వెళ్లారు. నోటు మార్చామో లేదో నాకు గుర్తులేదు. నాలుగేళ్ల తర్వాత ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, ఏటా జూన్లో ఇరవై వేలు ఎటో పోతున్నాయి. మా ఆవిడ నన్ను అనుమానిస్తోంది" అన్నారు. సంతకం ఆయనదే, అకౌంటు ఆయనదే. మధ్యలో నాలుగు జూన్లు పోయాయి. ఆవిడతో ఫోన్లో మాట్లాడి ఆయన పరువు నిలబెట్టాను. నా పరువు సంగతి ఆయన పెద్ద మనసుతో ఎత్తలేదు.

అప్పటి మా రీజనల్ మేనేజరు ప్రతి శుక్రవారం మీటింగులో ఒకే మాట చెప్పేవాడు. "ఆలోచించుకుని చెప్తా అన్న కస్టమరు పోయినట్టే. కాబట్టి ఆలోచించుకునే టైం ఇవ్వకండి." ఆయన మీద కోపంతో ఇది రాస్తున్నానని అనుకోవద్దు. ఆ మాట నేను డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను.

మార్చి నెల, ఎదురుగా టీ కొట్టు

జగ్గయ్యపేటలో మొదటిసారి పనిచేసినప్పుడు నాది గోల్డ్ లోన్ల సీటు. బంగారం పెట్టుకుని ఏడాదికి అప్పిస్తాం. ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కట్టి నగ తీసుకెళ్లాలి. కాగితం మీద అంతే. మా ఊళ్లో మాత్రం దానికి వేరే పద్ధతి ఉంది.

మా బ్రాంచికి ఎదురుగా టీ కొట్టు. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో శేషయ్య గారని ఒక పెద్దమనిషి, ఒళ్లో తోలు సంచితో కూర్చునేవాడు. మార్చి వచ్చిందంటే ఆయనది మా బ్యాంకు కన్నా రద్దీ బ్రాంచి. నగ పెట్టినవాడి దగ్గర వడ్డీ మటుకే ఉంటుంది, అసలు ఉండదు. అసలు శేషయ్య గారిస్తాడు, ఒక్క రోజుకి, లక్షకి అయిదొందలు. ఆ డబ్బు పదకొండింటికి మా కౌంటర్లో పడుతుంది. లోను మూసేస్తాం. ఇనప్పెట్టెలోంచి నగ బయటికొస్తుంది. అప్రైజరు దాన్ని మళ్లీ గీటురాయి మీద గీసి, మళ్లీ తూకం వేసి, అది నిరుడు బంగారమే, ఈ ఏడాదీ బంగారమేనని సంతకం పెడతాడు. కొత్త నంబరుతో నగ మళ్లీ లోపలికి, కొత్త అప్పు డబ్బు బయటికి. ఒంటిగంటకల్లా అది రోడ్డు దాటి శేషయ్య గారి సంచిలోకి చేరుతుంది. దీన్ని అందరూ రెన్యువల్ అంటారు. కొత్తగా అయ్యేది ఏమిటో మాత్రం నాకు ముప్పై నాలుగేళ్లలో తెలియలేదు.

అలా తిరిగే నగల్లో కుమారి గొలుసొకటి. నాలుగు కాసులది. కుమారిది గరికపాడు. భర్త వెంకటేశ్వర్లు కౌలుకి మిరప వేసేవాడు. ఒక మార్చిలో కోత కూలీలకి డబ్బు అందక గొలుసు పెట్టి అరవై వేలు తీసుకున్నాడు. మిర్చికి ధర వస్తే విడిపిద్దామని సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ధర రాలేదని వేరే చెప్పాలా?

ఆ గొలుసు ఎవరో పెట్టింది కాదు. కుమారి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. కిలోకి ఇంత అని ఇచ్చే కూలి మీద, కాసు తర్వాత కాసు కూడబెట్టి కొనుక్కుంది. ఆ పని చేసేవాళ్ల వేళ్లు సాయంత్రానికి భగ్గుమంటాయి, కంట్లో నలక పడినా ముట్టుకోలేరు. మొదటి రెన్యువల్‌కి ఆవిడ కూడా వచ్చింది. అప్రైజరు గొలుసు తూకం వేసి బల్ల మీద పెట్టగానే నా దగ్గరకొచ్చి, "మేడం, ఒక్కసారి మెళ్లో ఏసుకుంటానండి, ఇచ్చేస్తా" అంది. చేతులు చీర కొంగుకి మూడుసార్లు తుడుచుకుని వేసుకుంది. కంప్యూటర్లో కొత్త లోను ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు గోడవారన బెంచీ మీద నిటారుగా కూర్చుని, తర్వాత తీసి ఇచ్చేసింది.

మరుసటి మార్చికీ వచ్చింది. ఆ మరుసటి మార్చికీ వచ్చింది. పని మానుకుని, కూలి పోగొట్టుకుని, ఏడాదికి పది నిమిషాలు తన గొలుసు తను వేసుకోవడానికి వచ్చేది. అప్రైజరు నవ్వి, "కుమారమ్మా, ఈ గొలుసు నాకు కంఠతా వచ్చేసిందమ్మా" అనేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. ఆవిడకి ఆ పది నిమిషాలు ఇస్తున్నందుకు నా మంచితనం మీద నాకు చాలా గౌరవం కలిగేది. ఒకసారి ఇంట్లో కూడా చెప్పుకున్నాను. పదినిమిషాలు ఇచ్చిన మనిషిని ఇంకో గంట ఇచ్చి ఆ అప్పు కథేమిటో చూడొచ్చని మాత్రం తట్టలేదు. నాలుగు రెన్యువళ్లు చేసి, నందిగామ ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయాను.

సర్వరు పడిపోయిన రోజు

అయిదేళ్ల తర్వాత మేనేజరుగా మళ్లీ జగ్గయ్యపేట వచ్చాను. మార్చిలో ఒక ఉదయం నా క్యాబిన్ అద్దంలోంచి చూస్తే, గోడవారన బెంచీ మీద మెళ్లో గొలుసుతో కుమారి. జుట్టు నెరిసింది. గొలుసు మాత్రం మా ఇనప్పెట్టెలో ఉండి కొత్తగా మెరుస్తోంది. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టింది. నేను పలకరించి, "బంగారం ధర బాగా పెరిగింది, ఇదే గొలుసు మీద ఇప్పుడు ఇంకా ఎక్కువ వస్తుంది, కావాలా" అని వాళ్లాయన్ని అడిగాను. ఆరేళ్ల తర్వాత కనిపించిన మనిషికి నేను చేసిన మర్యాద అది.

ఆ పై ఏడాది, అంటే పదకొండో రెన్యువల్ నాడు, సర్వరు పడిపోయింది.

కొత్తగా చేరిన పిల్లలకి ఒక మాట. బ్యాంకులో పనిచేసేవాళ్లకీ, పని మీద వచ్చినవాళ్లకీ ఒకేసారి తీరిక దొరికేది సర్వరు పడిపోయినప్పుడే. ఆ రోజు అది పదకొండున్నరకి, సరిగ్గా వెంకటేశ్వర్లు పాత లోను మూసి కొత్తది తెరిచే మధ్యలో ఆగిపోయింది. శేషయ్య గారి అరవై వేలు మా కౌంటర్లో పడ్డాయి. గొలుసు కుమారి మెళ్లో ఉంది. కొత్త అప్పు కంప్యూటర్లో సగంలో ఉంది.

"ఎంతసేపు పట్టిద్దండి మేడం గారూ?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"పది నిమిషాలు," అన్నాను. పై ఆఫీసు నాకు అదే చెప్పింది.

గంట గడిచింది. ఇద్దరినీ క్యాబిన్లోకి పిలిచి కూర్చోమన్నాను. నాకూ చేయడానికి ఏమీ లేదు. వెంకటేశ్వర్లు మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నాడు. సాయంత్రంలోగా డబ్బు తిరిగివ్వకపోతే శేషయ్య గారికి రెండో రోజు వడ్డీ కట్టాలి. కుమారి గొలుసు చివర వేలితో తడుముతూ ఉన్నట్టుండి అడిగింది.

"మేడం, ఖాళీగానే ఉన్నారు కదా, ఒకటి అడుగుతా. ఏటా కడతానే ఉన్నాం. ఇప్పటికి మొత్తం ఎంత కట్టామండి?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. పే-ఇన్ స్లిప్పు ఒకటి తిప్పి వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. వడ్డీ ఏడాదికి ఏడు వేల రెండొందలు. శేషయ్య గారికి మూడొందలు. అప్రైజరుకి, ఫారాలకి, స్టాంపులకి అయిదొందలు. వెరసి ఎనిమిది వేలు. పదకొండు ఏళ్లకి ఎనభై ఎనిమిది వేలు.

"తీసుకుంది అరవై కదండి," అంది కుమారి.

"అరవై."

"మరి ఇంకా ఎంత బాకీ?"

"అరవై," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది.

వెంకటేశ్వర్లు నమ్మలేక, పాత రసీదులు చూపిస్తానని చంకలోని ప్లాస్టిక్ కవరు విప్పి బల్ల మీద పరిచాడు. వాటి మధ్యలో ఇంకో కాగితం కనిపించింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. మా బ్రాంచిదే. గరికపాడు దగ్గర వాళ్ల నాన్న వదిలిపోయిన పాక స్థలం హైవే వెడల్పు చేసినప్పుడు పోయింది. ఆ నష్టపరిహారం డెబ్భై వేలు ఆరు శాతానికి మా దగ్గరే వేశాడు. ఏటా దానంతట అదే రెన్యువలై, వడ్డీ కలుస్తూ లక్షా ముప్పై దాటింది. అప్పు పన్నెండు శాతానికి. రెండూ ఒకే కవర్లో, ఒకే రబ్బరు బ్యాండు కింద పదకొండేళ్లు కాపురం చేశాయి.

అంటే మా బ్యాంకు ఆయన డబ్బు ఆయనకే రెట్టింపు వడ్డీకి అప్పిచ్చింది. చక్రవడ్డీ జోలికి పోకుండా స్లిప్పు మీద ఆ తేడా కూడా వేశాను. అరవై వేల మీద డిపాజిట్లో వచ్చేది మూడువేల ఆరొందలు, కట్టేది ఎనిమిది వేలు, తేడా ఏడాదికి నాలుగువేల నాలుగొందలు. మొత్తం యాభైవేలకి కాస్త తక్కువ. మిర్చిలో నష్టపోతే వానని తిట్టుకుంటారు, దళారిని తిట్టుకుంటారు. ఇందులో తిట్టుకోవడానికి వాన కూడా లేదు.

నాకు కోపం వచ్చింది, ఆయన మీదే. "డిపాజిట్ ఉండగా గొలుసు ఎందుకు విడిపించుకోలేదండీ?" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆయన నా వంక అయోమయంగా చూశాడు. "అదేంటండి మేడం గారూ. ఆ డబ్బు రాగానే గొలుసు విడిపిద్దామనేగా మీ కాడికొచ్చా. మీరేగా వద్దన్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. గొలుసు పెట్టిన వారంలోనే ఆ పరిహారం వచ్చింది. మార్చి నెలాఖరు. నాకు డిపాజిట్ల టార్గెట్‌కి ఇంకా కొంత తగ్గింది. గోల్డ్ లోన్లు కూడా తగ్గకూడదు. చేతిలో నోట్ల కట్టతో నిలబడ్డ మనిషికి, "గొలుసు ఎక్కడికి పోతుందండీ, మా పెట్టెలో భద్రంగా ఉంటుంది. డబ్బు చేతిలో ఉంటే ఖర్చయిపోతుంది, డిపాజిట్ వేసుకోండి" అని చెప్పాను. ఆయన ఆలోచించుకుని చెప్తా అన్నాడు. నేను టైం ఇవ్వలేదు. డైరీలో గీత గీసుకున్న మాట కదా. ఫారం నేనే నింపి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో టిక్కు కూడా పెట్టాను. ఆ సాయంత్రం టార్గెట్ పూర్తయిందని స్టాఫందరికీ స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను.

కుమారి నన్ను తిట్టుంటే బాగుండేది. భర్త వైపు తిరిగింది.

"గొలుసు విడిపించే డబ్బు ఆనాడే వచ్చిందని నాకెందుకు చెప్పలా?"

"మేడం గారు చెప్పాక ఇంకేముందనీ," అన్నాడు వెంకటేశ్వర్లు తల దించుకుని.

నా ఉద్యోగ జీవితంలో నాకు మెమోలు వచ్చాయి, మందలింపులు వచ్చాయి. ఏదీ ఆ మాటంత బాధపెట్టలేదు.

ఆలోచించుకున్న కస్టమరు

మూడున్నరకి శేషయ్య గారు రోడ్డు దాటి లోపలికే వచ్చేశాడు. క్యాబిన్ తలుపు తీసి, "ఏవయ్యా ఎంకటేశ్వర్లూ, నా డబ్బు సంగతేంటి? రేపటికెళ్తే రెండ్రోజుల లెక్క, ముందే చెప్తన్నా" అన్నాడు. ఆయన టైముకి విలువిచ్చే మనిషి. మా ఊళ్లో తన డబ్బు గురించి రోజూ కూర్చుని ఆలోచించుకునేది నాకు తెలిసి ఆయనొక్కడే, అందుకే ఆయన కుర్చీలోనూ మిగతావాళ్లు క్యూలోనూ ఉండేవాళ్లు.

పావు తక్కువ నాలుగుకి సర్వరు లేచింది. క్లర్కు అక్కడినుంచే కేకేసింది. "మేడం, వచ్చేసింది. కొత్త లోను ఎక్కించేయనా?"

నేను వెంకటేశ్వర్లు వంక చూశాను. డిపాజిట్ మూసి అరవై వేలు శేషయ్య గారికిచ్చేస్తే గొలుసు ఇంటికి పోతుంది. లేదంటే పన్నెండో ఏడు మొదలవుతుంది.

"డిపాజిట్ ముట్టుకుంటే కరిగిపోద్దండి," అన్నాడాయన. "పాప నర్సింగుకని దాచిందది."

ఈసారి తొందరపెట్టకుండా చెప్పాను. ముందే తీస్తున్నందుకు వడ్డీలో కాస్త కోత పడుతుంది. అది పోను అరవై కట్టేసినా డెబ్భై వేల దాకా మిగులుతుంది. మిగిలింది మళ్లీ డిపాజిట్ వేసుకోవచ్చు. ఏటా కట్టే ఎనిమిది వేలు ఇకమీదట మీకే. పాప ఫీజుకి చాలకపోతే ఆ రోజున గొలుసు తెచ్చి పెట్టండి, బ్యాంకు ఎక్కడికీ పోదు. అప్పటిదాకా గొలుసు మా పెట్టెలో ఉండటానికి బదులు ఈవిడ మెళ్లో ఉంటుంది.

"ఆలోచించుకోవాలండి," అన్నాడు.

"ఆలోచించుకోండి," అన్నాను. ఆ మాట కస్టమరుతో అనడం అదే మొదటిసారి. నోరు తిరగడానికి కొంచెం కష్టమైంది.

కుమారి లేచి బయటికి వెళ్లి, గోడవారన తన బెంచీ మీద ఎప్పటిలాగే నిటారుగా కూర్చుంది. అక్కడి నుంచే అంది. "నువ్వు బాగా ఆలోచించుకోవయ్యా. నేను మాత్రం ఇయ్యాల ఇది తియ్యను."

శేషయ్య గారు గడియారం చూసుకున్నాడు. క్లర్కు నన్ను చూసింది. వెంకటేశ్వర్లు స్లిప్పు వెనక నేను వేసిన లెక్కని వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివాడు. తర్వాత డిపాజిట్ రసీదు వెనక సంతకం పెట్టి నా వైపు జరిపాడు. ఎక్కడ పెట్టాలో ఈసారి నేను టిక్కు పెట్టలేదు. ఆయనే వెతుక్కుని పెట్టాడు.

శేషయ్య గారి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పంపాం. నెలాఖరు మీటింగులో కొత్త రీజనల్ మేనేజరు నన్ను నిలబెట్టి, మీ బ్రాంచిలో గోల్డ్ లోనూ తగ్గింది, డిపాజిట్టూ తగ్గింది, ఏం జరిగిందని అడిగాడు. "కస్టమరు ఆలోచించుకున్నాడండి," అన్నాను. ఆయన దాన్ని నెట్‌వర్క్ సమస్యగా రాసుకున్నాడు. ఆ తర్వాత మార్చి నెలలో రెన్యువల్‌కి వచ్చిన ప్రతివాళ్లనీ డిపాజిట్ ఉందా అని అడిగి, కవరు విప్పించి చూడమని స్టాఫుకి చెప్పాను. ఎన్ని గొలుసులు ఇంటికెళ్లాయని గొప్పగా చెప్పుకోను. పదకొండేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టిన మనిషికి ఆ హక్కు లేదు.

మా ఇంట్లో సంగతి

ఆ రోజు వెళ్లేముందు కుమారి గుమ్మం దగ్గర ఆగి, "మేడం, మా లెక్క మీరు చూసారు. మరి మీ లెక్కలు ఎవరు చూస్తారండి?" అంది.

"మాకు టైమెక్కడిదమ్మా," అన్నాను. నవ్వింది. నేనేదో హాస్యమాడానని అనుకుంది కాబోలు.

నిజమే చెప్పాను. మా వారు లెక్కల మాస్టారు. నేను బ్యాంకు మేనేజర్ని. మా ఇంట్లో ఎంతుందో, ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. "ఈ ఆదివారం కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుందాం" అని ఆయన ప్రతి శనివారం అనేవారు. ఆదివారం చర్చి, చర్చి నుంచి రాగానే కోడి కూర, కూర తిన్నాక నిద్ర, నిద్ర లేచాక ఎవరో చుట్టాలు. అలా మాకు పదిహేను వందల ఆదివారాలు దొరికాయి. కూర మాత్రం బాగా కుదిరేది.

రిటైరయ్యాక ఇక టైం లేదనడానికి వీల్లేకుండా పోయింది. అయినా ఆర్నెల్లు అన్నాను.

తరవాతి మార్చిలో ఒక రోజు పదకొండింటికి తలుపు తీస్తే ఎదురుగా కుమారి. మెళ్లో గొలుసు, చేతిలో ప్లాస్టిక్ కవరు. మళ్లీ పెట్టడానికి వచ్చిందేమో, నాతో బ్యాంకుకి సిఫారసు చేయించుకోవడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"పెట్టడానికి కాదు మేడం," అంది నా మొహం చూసి. "ఏటా ఈ రోజు పని మానుకోడం అలవాటే కదా. ఆ రోజు సర్వరు పడిపోయినప్పుడు చూసినట్టు మా లెక్క ఒక గంట చూసి పెడతారని వచ్చా. ఆయన తోట కాడ ఉన్నాడు. నాకు ఏడో తరగతి దాకా చదువొచ్చు, వరసలు నేను చదువుతా, మీరు అర్థం చెప్పండి."

హాల్లో చాప వేసుకుని కూర్చున్నాం. వాళ్ల పాస్‌బుక్కు వరస వరసా చదివింది. ఒక్కచోటే తేడా ఉంది, వాడని కార్డుకి చార్జీ కోస్తున్నారు. అది రాసుకుంది. అంతా కలిపి ముప్పావు గంట. కవరు కట్టేసి, "మీవి కూడా తీసుకురండి మేడం, వచ్చాను కదా, అవీ చదివేస్తా" అంది.

వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. బీరువాలోంచి నా పాస్‌బుక్కు తెచ్చిచ్చాను. నా చూపు అలవాటు కొద్దీ చివరి వరస మీదికే పోయింది. ఆవిడ మాత్రం మొదటినుంచీ చదువుతూ వచ్చి ఒకచోట వేలు ఆపింది.

"మేడం, నందిగామ లాకరు అద్దె అని ఏటా కోస్తన్నారు. ఇదేంటండి?"

"నా బంగారం దాచడానికి."

"ఏ బంగారమండి?"

చెప్పబోతుంటే గుర్తొచ్చింది. నందిగామలో పనిచేస్తున్నప్పుడు మా తమ్ముడి కూతురి పెళ్లికని లాకర్లోంచి ఉన్నదంతా తీశాను. మళ్లీ పెట్టాలి. నా కుర్చీ నుంచి ఆ లాకరు గది పది అడుగులు. ఆ పది అడుగులు నడవడానికి టైం లేక నగలు ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టాను. ఈలోపు ట్రాన్స్‌ఫరైంది. లాకరు తెరవట్లేదేమని బ్యాంకు ఉత్తరం కూడా రాసింది. అలాంటి ఉత్తరాలు నేను ఎంతోమందికి సంతకం పెట్టి పంపినదాన్నే, నాకొచ్చినదాన్ని కరెంటు బిల్లుల కింద పెట్టాను.

కుమారి పేజీలు తిప్పుతూ లెక్కపెట్టింది. ఏడు వరసలు.

"అంటే లోపల ఏమీ లేదా మేడం?"

"లేదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. "నేను నయమండి. పదకొండేళ్లు గొలుసుకి కట్టా. మీరు ఏడేళ్లు గాలికి కట్టారు."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నన్ను అంత సూటిగా ఆడిట్ చేసినవాళ్లు లేరు. ఆ తాళం చెవి వెతకడానికి మా వారికీ నాకూ సాయంత్రం దాకా పట్టింది. మర్నాడు ఆ లాకరు వదిలేసి రావడానికి నేను నందిగామ బస్సెక్కాను. నాకు మళ్లీ టైం దొరకదేమోనని అనుమానపడి, కుమారి రెండో రోజు కూడా కూలి మానుకుని నాతో వచ్చింది. దారి పొడుగునా కిటికీ పక్కన నిటారుగా కూర్చుంది. గొలుసు మెళ్లోనే ఉంది.